రవ్వ రాలే ముహూర్తం

అంబాసిడర్ బానెట్ కింద ఉన్నది స్పోర్ట్స్ కారు ఇంజిన్ అంటే మా విజయనగరంలో చాలామంది నమ్మరు. కలెక్టరు గారి తెల్లబండి, పెళ్లివారి టాక్సీ, ఐదుగురు కూర్చునే చోట పదిమందిని మోసిన కారు స్పోర్ట్స్ కారెలా అవుతుందని అడుగుతారు. కాని ఆ మాట నిజం. 1955లో ఇంగ్లండులో ఎంజీ కంపెనీ విడుదల చేసిన ఎంజీఏ అనే రెండు సీట్ల కారుకూ, ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఏళ్ల తరబడి తయారు చేసిన పెట్రోలు అంబాసిడర్‌కూ పెట్టింది ఒకే వంశం ఇంజిన్. బీఎంసీ వారి బి-సిరీస్, 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. ఎంజీఏకి రెండు కార్బురేటర్లు, ఎక్కువ కంప్రెషన్. మన బండికి ఒకటే కార్బురేటరు, తక్కువ కంప్రెషన్. అంతమాత్రాన వంశం మారిపోదు. ప్లగ్గుల్లో రవ్వ పడే వరస కూడా రెండింటికీ ఒకటే: ఒకటి, మూడు, నాలుగు, రెండు.

అందుకే మా నాన్నగారి మార్క్ 3 అంబాసిడర్‌కి ప్రోగ్రామ్ చేసుకునే ఇగ్నిషన్ పెట్టించాలనుకున్నప్పుడు నాకు అది వింత కోరిక అనిపించలేదు. ఇంగ్లండులో ఎంజీ కార్ల వాళ్లు ఎన్నాళ్లుగానో చేస్తున్న పనే అది. అదే ఇంజిన్ సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు దానికి ఆ మర్యాద ఇంకా ఎక్కువ దక్కాలి.

ముహూర్తం సంగతి ముందు చెప్పాలి. పిస్టన్ పైకొచ్చి పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిని నొక్కుతుంది. రవ్వ పడగానే అది ఒక్కసారిగా పేలిపోదు. మంట ప్లగ్గు దగ్గర మొదలై అంచులదాకా పాకడానికి సెకనులో వెయ్యోవంతులు కొన్ని పడతాయి. పిస్టన్ కిందికి తిరిగిన కాసేపటికి ఒత్తిడి శిఖరానికి చేరితే ఆ తోపు చక్రాలకు పూర్తిగా అందుతుంది. అలా కావాలంటే పిస్టన్ పైకి చేరకముందే రవ్వ పడాలి. ఎంత ముందన్నదే అసలు చిక్కు. ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే, సెకనులో వెయ్యోవంతు కాలంలో క్రాంకు 6 డిగ్రీలు తిరుగుతుంది. మూడు వేల చుట్ల దగ్గర అదే కాలంలో 18 డిగ్రీలు. అందుకని వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుకు జరగాలి. వేగంతోపాటు లోపల సుడులు పెరిగి మంట కూడా జోరుగా పాకుతుంది కాబట్టి లెక్క మూడింతలు కాదు. ఈ ఇంజిన్‌కి ముప్పై డిగ్రీల పైన కొంచెం చాలు.

తొలినాళ్లలో ఈ పని డ్రైవరు చేతిలో ఉండేది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి స్టీరింగు పక్కన రవ్వను ముందుకూ వెనక్కూ జరపడానికి ప్రత్యేకంగా ఒక మీట ఉండేది. తర్వాత ఆ బాధ్యత డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చింది. పాతకాలపు లూకాస్ డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు బిగించిన పళ్లెం కింద చూడండి. రెండు చిన్న ఇనుప గుళ్లు, రెండు స్ప్రింగులు ఉంటాయి. షాఫ్టు జోరందుకున్నకొద్దీ గుళ్లు బయటికి విచ్చుకుని కామ్‌ని ముందుకు తిప్పుతాయి. స్ప్రింగుల్లో ఒకటి పలచన, ఒకటి దిట్టం. పలచనిది ముందే సాగుతుంది, దిట్టమైనది ఆలస్యంగా అందుకుంటుంది. అంటే ఆ గ్రాఫు స్ప్రింగుల బిగువులోనే రాసి ఉంది. పక్కనున్న వాక్యూమ్ డబ్బా కార్బురేటరు నుంచి వచ్చే సన్న గొట్టంతో రెండో లెక్క చూస్తుంది. బరువు లేకుండా సాఫీగా పోతున్నప్పుడు సిలిండర్లో చేరే సరుకు పలచగా ఉండి నిదానంగా మండుతుంది, అప్పుడు రవ్వ ఇంకో పది డిగ్రీలు ముందుకెళ్తుంది. యాక్సిలరేటర్ అదిమి తొక్కగానే వెనక్కి వస్తుంది. ఎలక్ట్రానిక్స్ పేరే లేని రోజుల్లో ఇంత ఆలోచన ఒక పిడికిలంత వస్తువులో ఇమిడ్చిన ఇంజనీర్లకు నేను మనసారా దండం పెడతాను. డిస్ట్రిబ్యూటర్ పక్కన సన్నటి పళ్లున్న మరమొకటి ఉంటుంది, తిప్పితే టిక్కుటిక్కుమంటుంది. పదకొండు టిక్కులైతే ఒక డిగ్రీ. చెవితో టైమింగ్ పెట్టే మేస్త్రీకి ఆ టిక్కులే కొలబద్ద.

మరి అలాంటి డిస్ట్రిబ్యూటర్‌ను తీసేయడం ఎందుకు? స్ప్రింగులు ముసలివైపోయాయి. యాభై ఏళ్ల వాడకానికి బిగువు సడలి గుళ్లు ముందే విచ్చుకుంటాయి. షాఫ్టు బుష్ అరిగి పాయింట్ల గ్యాపు చుట్టు చుట్టుకీ మారుతుంది. మా వైపు ఇంకో బాధ ఉంది. కళింగపట్నం, భావనపాడు తీరాల వెంట తిరిగే బండికి ఉప్పుగాలి ఊరికే వదలదు. ఇత్తడి టెర్మినళ్లు పచ్చబడతాయి, డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ చేరి రవ్వ దారితప్పుతుంది. పెట్రోలూ మారిపోయింది. సీసం కలిపిన పెట్రోలు 2000లో దేశమంతటా ఆగిపోయింది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ని బాగా ఓర్చుకుంటుంది, కాని పాత కార్బురేటరులో మిశ్రమాన్ని పలచన చేస్తుంది, పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. 1950ల పెట్రోలు చూసి బిగించిన స్ప్రింగులకు ఈ సరుకు సంగతి తెలిసే దారి లేదు.

కొత్తదాన్ని చూస్తే తేడా తెలియదు. నెదర్లాండ్స్‌లో తయారయ్యే వన్ టూ త్రీ ఇగ్నిషన్ వంటివి పాత డిస్ట్రిబ్యూటర్ ఆకారంలోనే ఉంటాయి, పాత గుంటలోనే కూర్చుంటాయి. లోపల పాయింట్లు, గుళ్లు, స్ప్రింగులు ఉండవు. ఒక సెన్సరు, చిన్న కంప్యూటరు. గ్రాఫు ఫోనులో గీసుకోవచ్చు. ఒక గీత చుట్లను బట్టి, రెండో గీత ఒత్తిడిని బట్టి. కాని ఏ సంఖ్య ఎక్కడ వెయ్యాలో ఫోను చెప్పదు. ఆ సంఖ్య ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.

మా ఊళ్లో ఆ తెలిసిన మనిషి అంబాసిడర్ టాక్సీలు రిపేరు చేస్తూ జుట్టు నెరిసిన మేస్త్రీ. గ్రాఫు చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని చూసి, "బాబూ, బండి ఏటి సెప్తందో ముందు ఇనండి, ఆ ఫోను ఆనక సూద్దుం" అన్నాడు. మొదట కొత్త కంప్యూటరు మాటా, ఇంజిన్ మాటా ఒకటేనా అని తేల్చాలి. క్రాంకు కప్పీ మీది గుర్తుకి సుద్ద పూసి, బండి కింద పడుకుని టైమింగ్ లైటు కొట్టాడు. ఈ పాత ఇంజిన్లలో గుర్తులు అడుగువైపు ఉంటాయి, పడుకోక తప్పదు. ఫోనులో పది డిగ్రీలు అని ఉంటే కప్పీ దగ్గర పదే కనిపించాలి. అది కుదరకుండా ఎన్ని గ్రాఫులు గీసినా అబద్ధమే.

ఐడిలింగ్ దగ్గర ఒక కిటుకు ఉంది. వెయ్యి చుట్ల దగ్గర పది డిగ్రీలు ఉంచి, ఎనిమిది వందల దగ్గర పన్నెండు పెట్టాం. ఇంజిన్ నీరసపడి చుట్లు తగ్గితే రవ్వ తానే రెండు డిగ్రీలు ముందుకు జరిగి దాన్ని మళ్లీ పైకి లేపుతుంది. గుళ్లూ స్ప్రింగులతో ఈ పని జరగదు, అవి వేగం తగ్గితే వెనక్కే వస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వణికే బండి ఈ ఒక్క మార్పుతో నిలకడగా నిలబడింది.

అసలు పరీక్ష మాత్రం ఘాటీలోనే. నాతవలస దగ్గర మొదలై విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే రోడ్డు మనకు ప్రకృతి ఇచ్చిన టెస్ట్ బెంచి. సాలూరు వరకు దాదాపు మైదానం, తర్వాత కొండ. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరు లారీల ఊరు. ఏ మలుపులో ఏ ఇంజిన్ మూలుగుతుందో అక్కడివాళ్లకు బాగా తెలుసు. మేం నలుగురం ఎక్కి, డిక్కీ నింపి బయల్దేరాం. డ్రైవింగ్ ఒకరిది, ఫోను ఇంకొకరిది. మేస్త్రీ ముందు సీట్లో కిటికీ దించి చెవి బయటికి పెట్టాడు. మూడో గేరులో, రెండు వేల చుట్లకు కొంచెం తక్కువగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సన్నగా గలగలమని ఒక మోత మొదలైంది. నాకు వినపడేలోపే ఆయన చెయ్యెత్తాడు. "ఇక్కడే. రెండు తగ్గించీండి."

ఆ మోతే నాకింగ్. ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మూలనున్న సరుకు తనంతట తాను పేలితే వచ్చే శబ్దం అది. మితిమీరితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. పాత డిస్ట్రిబ్యూటర్‌తో దీన్ని మాన్పాలంటే మొత్తం టైమింగే వెనక్కి తిప్పాలి. అప్పుడు ఘాటీలో మోత పోతుంది, హైవే మీద చురుకూ పోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఇక్కడ పదిహేను వందల నుంచి రెండు వేల రెండు వందల చుట్ల మధ్య, అదీ నిండు బరువు మీద ఉన్నప్పుడు మాత్రమే రెండు డిగ్రీలు తగ్గించాం. మిగతా గీత ముట్టుకోలేదు. దీనికంటే గొప్ప సౌకర్యం నాకు ఈ పరికరంలో కనిపించలేదు.

కొండ ఎక్కాక ఇంకో వింత. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. తీరంలో 101 కిలోపాస్కల్స్ ఉండే గాలి ఒత్తిడి అక్కడ దాదాపు 91కి పడిపోతుంది. సిలిండర్లో సరుకు పలచన, నాకింగ్ భయం తక్కువ, రవ్వ ఇంకాస్త ముందుకు జరగవచ్చు. పాత వాక్యూమ్ డబ్బా బయటి గాలితో పోల్చి పనిచేస్తుంది గనక ఎత్తు సంగతి దానికి తెలియదు. కొత్తది అసలు ఒత్తిడినే కొలుస్తుంది గనక తనంతట తానే సర్దుకుంటుంది.

శ్రీకాకుళం వైపు హైవే మీద పని త్వరగా తేలిపోయింది. రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా మూడు వేల చుట్లతో సాఫీగా పోతున్నప్పుడు వాక్యూమ్ గీతను పది నుంచి పన్నెండుకు పెంచాం, బండి తేలికపడింది. ఆపి ప్లగ్గులు విప్పితే లేత గోధుమరంగులో ఉన్నాయి. మేస్త్రీ పన్నెండు దాటనివ్వలేదు. జోరు మీద గాలిహోరులో నాకింగ్ వినపడదు, వినపడనప్పుడు ఒక డిగ్రీ తక్కువే మంచిదన్నది ఆయన పద్ధతి. ఈ పని నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకోవలసింది అదే. ఒకసారి ఒక డిగ్రీ మార్చాలి, అదే రోడ్డు మీద, అంతే బరువుతో, ఇంజిన్ అంతే వేడెక్కాక మళ్లీ చూడాలి.

ఉత్తరాంధ్రలో పాత అంబాసిడర్లు, పద్మినిలు షెడ్లలో ఇంకా ఉన్నాయి. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడ్డాక వాటి టైమింగ్ చెవితో పెట్టేవాళ్లకు పని తగ్గుతూ వచ్చింది, శిష్యులు కరువయ్యారు. మీ దగ్గర అలాంటి బండి ఉంటే ప్రోగ్రామబుల్ ఇగ్నిషన్ నిస్సంకోచంగా పెట్టించండి. పాత డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం పారేయకండి, కొండమీద కొత్తది మొరాయిస్తే ఇంటికి చేర్చేది అదే. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో గ్రాఫు తెచ్చి వేసుకోకండి. మీ ఊళ్లో ఆ విద్య తెలిసిన మేస్త్రీని పిలిచి, ఆయనకు కూలీ, గౌరవం రెండూ ఇచ్చి, ఘాటీ ఎక్కించండి. ఆయన చెయ్యెత్తిన చోటల్లా అంకె రాసుకోండి. ఆ గ్రాఫు కాగితం మీద ప్రింటు తీయించి ఒక ప్రతి ఆయన షెడ్డులోనూ, ఇంకొకటి మీ ఊరి ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠం చెప్పే మాస్టారికీ ఇవ్వండి.