బండి కోసం మనిషి వెళ్లాలి

కోవిల్‌పట్టి,
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

మదురై దాటి దక్షిణానికి వచ్చేకొద్దీ నేల నల్లబడుతుంది. కోవిల్‌పట్టి చేరేసరికి మన నంద్యాల వైపు పొలాల్లో ఉన్నట్టే అనిపిస్తుంది. మనం నల్లరేగడి అంటే వీళ్లు కరిసల్ అంటారు. మాటలోనూ అంత పరాయితనం లేదు. ఊరికి దగ్గర్లోనే ఇడైసెవల్ అనే పల్లె ఉంది. తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కి. రాజనారాయణన్ ఊరది. ఆయన మాతృభాష తెలుగు. తెలుగు నేల విడిచి నడుచుకుంటూ వచ్చి ఈ రేగడిలో స్థిరపడ్డ కుటుంబాల కథే ఆయన 'గోపల్ల గ్రామం'. ఈ చుట్టుపక్కల ఎన్నో పల్లెల్లో ఇప్పటికీ ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. మన 'బండి'ని తమిళంలో 'వండి' అంటారు, అంతే తేడా. నీ ప్రశ్నకు జవాబు రాసే ముందు ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. దూరపు ఊళ్లో బండి కొనేవాడు వెళ్లడానికి జంకేది ముందు భాష గురించే. కోవిల్‌పట్టి విషయంలో ఆ జంకు అక్కర్లేదు.

ఇక్కడ అమ్మకానికి ఉన్న పాత ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిల్‌ను కర్నూలుకు పార్సిల్ వేయించుకోవాలా, వచ్చి తెచ్చుకోవాలా అని అడిగావు. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. బండిని మన చేతుల్లోకి తీసుకోవడం ఒకటి, ఇంటికి చేర్చడం మరొకటి. రెండోది కిరాయి లెక్క. దాన్ని రైలుకైనా లారీకైనా వదిలేయవచ్చు. మొదటిది ఎవరికీ వదిలేసేది కాదు. జనం ఈ రెంటినీ ఒకే లెక్కలో వేసి, రానుపోను ఖర్చు కంటే పార్సిల్ చౌక అని తేల్చేసుకుంటారు. మోసపోయేదీ నష్టపోయేదీ అక్కడే.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అగ్గిపెట్టెలు దేశమంతా పోతాయి. కొనే వ్యాపారి ఒక్కో పెట్టె తెరిచి చూడడు. ఈ ఊరి వేరుశెనగ చెక్క, అంటే కడలై మిఠాయి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. దాన్నీ దూరం నుంచే తెప్పించుకోవచ్చు. ఒక పెట్టె ఎలా ఉంటే తక్కినవీ అలాగే ఉంటాయి కాబట్టి చూడకుండా కొన్నా నష్టం లేదు. పాత బండి సంగతి అలా కాదు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. అన్నిటికంటే చివర తయారైన బండికి కూడా పాతికేళ్లు దాటిపోయాయి. ఒకటి డాక్టరు గారింటి వసారాలో నీడన ఉండి ఉంటుంది, ఇంకొకటి పాల క్యాన్లు మోసి ఉంటుంది. రెంటికీ ఇవాళ కొత్త రంగు వేస్తే ఫొటోలో కవల పిల్లల్లా కనిపిస్తాయి. అవి ఎలా బతికాయో తెలియాలంటే దగ్గర నిలబడి చూడాల్సిందే.

అలా చూడడం పెద్ద విద్యేమీ కాదు. మనం వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందు దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే, చల్లటి బండి స్టార్టవడానికి పెట్టే పేచీ మనకు కనపడకుండా ముందే స్టార్ట్ చేసి ఉంచారేమో అడగాలి. వెనకాల పది అడుగుల దూరంలో నిలబడి రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం ఛాసిస్ నంబరు. హ్యాండిల్ మెడ దగ్గర గ్రీజు, మట్టి గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం ఆనించి, పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే అంకెలు కాగితం మీదకు వస్తాయి. వాటిని ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఏ అంకె లోతు తక్కినవాటికి భిన్నంగా ఉన్నా, చుట్టూ ఇనుమును ఆకురాయితో రాసిన గీతలు కనిపించినా, ధర ఎంత తక్కువైనా ఆ బండి వద్దు. ఇంజను నంబరుకూ ఇదే పరీక్ష. ఫోనులో పంపే ఫొటోకు ఈ పరీక్ష పెట్టలేం.

కోవిల్‌పట్టి,
సోమవారం సాయంత్రం

తమ్ముడూ,

నిన్న ఇనుము గురించి రాశాను, ఇవాళ కాగితాల గురించి. బండి కొనడమంటే ఒక యంత్రంతోపాటు ఒక బాధ్యతను కూడా మన పేరు మీదికి మార్చుకోవడం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దీన్ని స్పష్టంగా చెబుతుంది. యాజమాన్యం మారినట్టు అమ్మినవాడు తెలిపేది 29వ ఫారం, మార్పు నమోదు చేయమని కోరేది 30వ ఫారం. బండి రాష్ట్రం దాటుతుంది కాబట్టి మొదట నమోదు చేసిన ఆర్టీవో నుంచి 28వ ఫారంపై ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అప్పు మీద కొన్న బండి అయితే అది తీరిందని 35వ ఫారం కూడా ఉండాలి. పన్నెండు నెలలకు మించి మన దగ్గరే ఉంచుకుంటే కర్నూలులో కొత్త నంబరు తీసుకోవాలి, అక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. బండి ధరలో ఈ పన్నును ముందే కలుపుకుని బేరమాడు.

పాత బండికి ఇంకో చిక్కుంది. రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 1995లో రోడ్డెక్కిన బండికి 2010లో, 2015లో, 2020లో, 2025లో ఆ పొడిగింపు జరిగి ఉండాలి. ఆర్‌సీ పుస్తకం పేజీలు తిప్పితే ఇది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. దాన్ని చూపించకుండా 'అన్నీ క్లియర్' అన్న మాట ఫోనులో ఎన్నిసార్లు విన్నా ప్రయోజనం లేదు.

ఈ సంతకాలు కొరియర్లో తెప్పించుకోవచ్చు కదా అంటావు. తెప్పించుకోవచ్చు. కానీ ఆర్‌సీలో పేరున్న మనిషీ బండి అమ్ముతున్న మనిషీ ఒక్కరేనా అన్నది కొరియర్ చెప్పదు. పాత బండ్లు చాలాసార్లు పేరు మారకుండానే చేతులు మారుతూ ఉంటాయి. పేరు మార్చుకోకపోతే ఏమవుతుందో 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులో ఒక కారు వరసగా చాలామంది చేతులు మారింది. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం రికార్డుల్లో పేరున్న మొదటి యజమానినే పరిహారానికి బాధ్యుణ్ణి చేశారు. అంటే తిన్నగా మార్పిడి జరగడం అమ్మేవాడికే ఎక్కువ అవసరం. నిజాయతీగా అమ్మేవాడు నువ్వు ఎదురుగా కూర్చుని సంతకం పెట్టించుకుంటానంటే సంతోషిస్తాడు. రావద్దని వారించేవాణ్ణి మాత్రం అనుమానించాలి. సైన్యంలో పనిచేస్తున్నాననీ, హఠాత్తుగా బదిలీ అయిందనీ, రవాణా కిరాయి ముందు పంపితే బండి ఇంటికే వస్తుందనీ చెప్పి డబ్బు కాజేసే మోసం గురించి ఎన్నో రాష్ట్రాల పోలీసులు హెచ్చరించారు. ఆ వలంతా కొనేవాడు రాడన్న నమ్మకం మీదే అల్లింది.

'అక్కడి మెకానిక్కుకు డబ్బిచ్చి చూపిస్తే చాలదా' అన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మనకు ఏళ్లుగా తెలిసిన మనిషి ఇక్కడ ఉంటే, అతను బండి, కాగితాలు రెండూ చూసి, ఎదురుగా సంతకాలు పెట్టించగలిగితే, నువ్వు వెళ్లినట్టే లెక్క. కానీ అమ్మేవాడే చూపించిన మెకానిక్కు మన మనిషి కాడు. అలాగే రాతపూర్వకంగా వారంటీ ఇచ్చి, పేరు మార్పిడి తామే చేయించి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే సంస్థ దగ్గర కొంటే బండి ఇంటికి తెప్పించుకోవడంలో తప్పులేదు. అది అగ్గిపెట్టె బేరం లాంటిది. నువ్వు చూస్తున్నది ఆ బేరం కాదు.

విరుదునగర్,
మంగళవారం రాత్రి

తమ్ముడూ,

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా ఇక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు. కామరాజ్ పుట్టిన ఊరు ఇది. పప్పులకు, మిరపకాయలకు, నూనెలకు పెద్ద వ్యాపార కేంద్రం. బండిని ఇంటికి ఎలా చేర్చాలన్న రెండో ప్రశ్నకు ఈ ఊరు సరిగ్గా సరిపోతుంది. ఇది రైల్వే జంక్షన్, 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఇటే పోతుంది. ఆ రహదారి మదురై, సేలం, బెంగళూరు, అనంతపురం మీదుగా మన కర్నూలుకే వస్తుంది. కోవిల్‌పట్టి నుంచి ఇంటికి సుమారు 900 కిలోమీటర్లు, మొదటి నుంచి చివరి దాకా ఒకే రోడ్డు.

ముందు పార్సిల్ సంగతి చూద్దాం. రైల్లో బండి రెండు రకాలుగా పోతుంది. మనం ఎక్కే రైల్లోనే టికెట్టు చూపించి బుక్ చేస్తే లగేజీ, మనం లేకుండా పంపితే పార్సిల్. రెంటికీ ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, ఆర్‌సీ నకలు ఇవ్వాలి, గోనెపట్టా, గడ్డి చుట్టి కట్టించాలి. ఇండికేటర్లు, అద్దాలు, క్లచ్ లీవరు దెబ్బతినేది ఎక్కువగా ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ. అసలు తెలుసుకోవలసింది నష్టపరిహారం సంగతి. విలువ ముందే ప్రకటించి దానికి అదనపు రుసుము కట్టకపోతే, పార్సిల్‌కు రైల్వే బాధ్యత కిలోకు 50 రూపాయలు, లగేజీకి 100 రూపాయలు. ఆర్‌ఎక్స్ 100 బరువు దాదాపు వంద కిలోలు. లక్ష పెట్టి కొన్న బండి దారిలో పోతే పార్సిల్ లెక్కన చేతికొచ్చేది అయిదు వేలు. చౌకగా వస్తుందని మురిసిపోయే ముందు ఈ అంకె గుర్తుంచుకో. పంపాల్సివస్తే విలువ ప్రకటించే పంపు. లారీలో వేసినా విలువ రాయించు, ట్రాన్సిట్ బీమా కాగితం చేతికి తీసుకో.

నడిపి తేవడం మరీ ప్రమాదం కాదా అని అమ్మ అడుగుతుంది. ఆ భయం సరైనదే. కొత్త చేతికి, తెలియని బండికి 900 కిలోమీటర్లు ఎక్కువే. టూ స్ట్రోక్ ఇంజను ఆయిలు చాలకపోయినా, బాగా వేడెక్కినా పిస్టను పట్టేసి వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు. అందుకే నడిపి తెస్తానని ముందే ప్రతిజ్ఞ పట్టకూడదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఈ 50 కిలోమీటర్లనూ పరీక్షగా పెట్టుకోవాలి. ఇక్కడికి వచ్చాక బండి ఆపి ప్లగ్గు విప్పి చూడాలి. కొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది. తెల్లగా కాలినట్టుంటే ఇంజను వేడెక్కుతోంది, ఆ బండిని ఇక నడపకూడదు. చక్రాల హబ్బుల మీద చెయ్యి ఆనించు, చైను వదులు చూడు, ఇంజను కింద ఆయిలు చుక్కలున్నాయేమో చూడు. అన్నీ బాగుంటే సేలంలో ఒక రాత్రి, బెంగళూరు దగ్గర ఒక రాత్రి ఆగి మూడు పగళ్లలో ఇల్లు చేరవచ్చు. చీకటి పడ్డాక నడపకూడదు. ఏ ఒక్కటి అనుమానం కలిగించినా మదురై తీసుకెళ్లి లగేజీగా బుక్ చేసి అదే రైలెక్కు. రెండు దారులూ నీ చేతిలో ఉండేది నువ్వు ఇక్కడ ఉన్నప్పుడే. ఇంట్లో కూర్చున్నవాడికి పార్సిల్ ఒక్కటే దారి.

చివరిగా ఖర్చు. రైలు టికెట్టు, రెండు రాత్రుల బస, మూడు నాలుగు రోజుల సెలవు, అన్నీ లెక్కేసుకో. బండి నచ్చక ఉత్త చేతులతో తిరిగొచ్చినా పోయేది అంతే. చూడకుండా తెప్పించుకున్న బండి నంబరు తప్పైతే బండీ డబ్బూ రెండూ పోతాయి, పైగా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. కాబట్టి నా మాట ఇది. వచ్చి చూడు, ఎదురుగా సంతకాలు పెట్టించు, అప్పుడు డబ్బివ్వు. ఇంటికి ఎలా చేర్చాలో విరుదునగర్‌లో తేల్చుకో. అడ్వాన్సు పంపే ముందు రైలు టికెట్టు తీసుకో.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క