రేడియో సంగీతమున శ్రోత వంతు

పాటకు పాడువాడెంత ముఖ్యుడో వినువాడును అంత ముఖ్యుడు. కచేరీలో వినువాడు ఊరక కూర్చుండడు. తొడపై తాళము వేయును. మంచి సంగతి పడినచోట భళాయనును. రాగతానపల్లవి ముగిసి చిన్న పాటలకు వేళయైనప్పుడు, తనకు కావలసిన పాట పేరు చీటీపై వ్రాసి వేదికకు పంపును. విద్వాంసుడు ఆ చీటీని చూచి, తన గొంతును, మిగిలిన వేళను, సభ తీరును ఆలోచించుకొని పాడుటయో మానుటయో చేయును. అనగా కోరిక వినువానిది, నిర్ణయము పాడువానిది. ఈ యొడంబడికను ఎవరును కాగితముపై పెట్టలేదు గాని అందఱును పాటింతురు.

రేడియో వచ్చి ఈ యొడంబడికను సడలించెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న, బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములకు మొదలిడినవి. సభకు పోవుటకు రైలుఖర్చులు లేనివారికిని, గడప దాటుటకు సెలవు లేనివారికిని పెద్ద విద్వాంసుల గానము ఇంటికే వచ్చెను. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని పాడువానికి వినువాడు కనబడడు. వినువాడు వేసిన తాళము గోడలకును, ఆతడు పలికిన భళా వంటింటి గిన్నెలకును మాత్రమే వినబడును. ఈ లోటును పూడ్చుటకే శ్రోతలకు పాలిచ్చు శీర్షికలు పుట్టినవి. అవి ముఖ్యముగా మూడు తెఱగులు: కోరుట, ఓటు వేయుట, అడిగి నేర్చుకొనుట. మొదటి రెంటికిని ఆదరము హెచ్చు. మూడవదానికే గౌరవము హెచ్చుగా నుండవలెనని మా యభిప్రాయము.

మొదట కోరికల సంగతి చూతము. సినిమా పాటకు మూడు నాలుగు నిమిషములు చాలును. అరగంటలో ఏడెనిమిది పాటలు వేసి, ఒక్కొక్క పాటకు పదేసి పేర్లు చదువవచ్చును. వేలకొలది శ్రోతలు ఈ ముచ్చటకై కార్డులు వ్రాసిరి, అందు తప్పులేదు. కాని తోడిలో నొక కీర్తనను ఆలాపనతో, నెరవుతో, స్వరకల్పనతో పాడినచో ఆ యరగంటయంతయు దానికే చాలకపోవచ్చును. అపుడు శీర్షిక నడుపువారు ఏమి చేయవలెను? కోరినవారిలో పదిమందికి నిరాశ కలిగించి ఒక్కరిని తృప్తిపఱచవలెను. లేదా ఆలాపనను విడిచి, పల్లవి అనుపల్లవులను గబగబ దాటించి అందఱి పేర్లను చదివి ముగింపవలెను. రెండవ మార్గమే సులభము. అందువలన కోరికల శీర్షికలో పొట్టి పాటలును, అందఱికిని నోట నానిన పాటలును బ్రతుకును. తీరికగా నడచు రాగమునకు అందు చోటుండదు. ఏలయన, పాటకు పేరున్నది కనుక దానిని కోరుట సులువు. పేరులేని ఆలాపనను కోరి కార్డు వ్రాయువారు అరుదు.

ఇక ఓటు. ఇందుకు ఇంగ్లండు దేశపు ఉదాహరణము చక్కనిది. అచట 1992 సెప్టెంబరులో క్లాసిక్ ఎఫ్.ఎమ్. అను శాస్త్రీయ సంగీత రేడియో మొదలయ్యెను. వారు 1996 నుండి ఏటేట శ్రోతల ఓట్లు సేకరించి, మూడువందల రచనల పట్టికను కూర్చి ఈస్టరు పండుగ దినములలో వినిపించుచున్నారు. ఒక్కొక్కరు తమకు ప్రియమైన మూడు రచనలను వరుసక్రమమున తెలుపవలెను. మొదటి యైదేండ్లును బ్రూఖ్ రచించిన మొదటి వయొలిన్ కన్చెర్టోకే అగ్రస్థానము. పిదప రఖ్మానినొవ్ రెండవ పియానో కన్చెర్టో, ఆ పిమ్మట వాన్ విలియమ్స్ రచించిన భరతపక్షి పాట మాటిమాటికి పైకెక్కినవి. ఇవి మంచి రచనలు కావని యెవరందురు? కాని కారణమును గమనింపుడు. పట్టికలో పైనున్నదానిని తఱచుగా వినిపింతురు. తఱచుగా విన్నదానినే జనులు ప్రేమింతురు. ప్రేమించినదానికే మరుసటి యేడు ఓటు వేయుదురు. ఎద్దు గానుగచుట్టు తిరిగినట్లు అభిరుచి ఉన్నచోటనే తిరుగును.

2013లో ఈ చక్రమునకు ఒక చిన్న కుదుపు తగిలెను. వీడియో ఆటలలోని సంగీతమును ప్రేమించువారు కూడబలుకుకొని ఓట్లు వేయగా, నొబువొ ఉఎమత్సు అను జపాను రచయిత కూర్చిన ఆట సంగీతము మూడవ స్థానమునకు వచ్చెను. పెద్దలు కొందఱు ముఖము చిట్లించిరి. మాకు మాత్రము ఆ యువకులపై కోపము రాలేదు. తలలు లెక్కించుటయే నియమమైనచో, తలలను కూడగట్టుట నేరమెట్లగును? ఆస్ట్రేలియా ప్రభుత్వ రేడియోవారు 2001 నుండి నడపుచున్న నూఱు రచనల పట్టికలో ఇంతకంటె కొంత వివేకము కలదు. వారు పలుమార్లు విషయమును మార్చి, ఒకసారి పియానో రచనలకు, ఒకసారి ఆపెరాలకు, ఒకసారి సింఫనీలకు మాత్రమే ఓటు వేయుమనిరి. అందుచేత శ్రోత తానెఱుగని వైపునకు కొంచెము మెడ త్రిప్పవలసి వచ్చెను. అయినను ఓటు ఓటే. నాకిది ఇష్టమని అది చెప్పును. నాకిది తెలియదని చెప్పుటకు ఓటుకు నోరులేదు.

ఆ మాట చెప్పగలది మూడవ తెఱగు. మన దక్షిణదేశపు రేడియో కేంద్రములు సంగీత పాఠములను ప్రసారము చేసి చేసిన యుపకారమును తగినంతగా ఎవరును కొనియాడలేదు. బెజవాడ కేంద్రమున వోలేటి వేంకటేశ్వర్లుగారివంటి మహావిద్వాంసులే ఇట్టి పాఠములు చెప్పిరి. గురువు ఒక పంక్తిని పాడును. ఎదుట కూర్చున్న శిష్యుడో శిష్యురాలో మరల పాడును. ఇంటివద్ద వినువారును ఆ గొంతుతో గొంతు కలుపుదురు. శిష్యురాలు తప్పిన చోట గురువు దిద్దును. ఆ దిద్దుబాటు ఆమెకు మాత్రమే కాదు, అదే తప్పు చేసిన ఊరూరి గొంతులకును చెందును. కనబడని శ్రోతకు ఆ శిష్యురాలు వకీలువంటిది.

మా యింట జరిగిన సంగతి నొకదానిని ఇచట చెప్పుట యవసరము. 1988 ప్రాంతమున మాకు తొమ్మిదేండ్లు. మాది ఉమ్మడి కుటుంబము. మా పెద్దమ్మ వంటింటి గుమ్మమునకు దాపుగా కూర్చుండి, బియ్యము ఏఱుచు, రేడియో పాఠమును వినెడిది. సాహిత్యమును పెన్సిలుతో నోటుపుస్తకమున వ్రాసికొని, పిల్లలు నిద్రించిన పిదప సన్నని గొంతున పాడుకొనెడిది. ఒక వారము భైరవిలో పాఠము నడచుచుండగా ఆమెకొక సందేహము కలిగెను. ధైవతము పైకి పోవునపుడు ఒక తీరుగను, క్రిందికి దిగునపుడు మఱియొక తీరుగను ఆమెకు వినబడెను. గురువుగారు పొరబడిరా, తన చెవి పొరబడెనా? అడుగుటకు ఇంట ఎవరును లేరు. ఉత్తరము వ్రాయుదమన్నచో, కోడలి పేరు రేడియోలో నలుగురు వినుట మా తాతగారికి సమ్మతము కాదు. కావున ఆమె చెప్పగా మేము వ్రాసితిమి. ఉత్తరము మా పేరనే పోయెను.

కొన్ని వారములకు సమాధానము ప్రసారమయ్యెను. భైరవిలో ధైవతములు రెండును కలవనియు, ఎక్కునపుడు చతుశ్శ్రుతి ధైవతము, దిగునపుడు శుద్ధధైవతము పలుకుననియు, అది రాగలక్షణమే గాని పొరబాటు కాదనియు గురువుగారు పాడి చూపిరి. పిన్నవయసున ఇట్టి ప్రశ్న వేసినందుకు మా పేరు చెప్పి ఆశీర్వదించిరి. మా తాతగారి యానందమునకు మేర లేదు. వీనికి జ్ఞానమున్నదని నిశ్చయించి, నెలజీతమిచ్చి మాకు సంగీతపు మేష్టారిని కుదిర్చిరి. రెండేండ్లు వసారాలో పాఠము నడచెను. మాకు సరళీవరుసలు దాటి గొంతు సాగలేదు. మేష్టారు మాకు చెప్పిన పాఠము తలుపు వెనుకనున్న పెద్దమ్మకు మాత్రము వచ్చినది. ఆమె 2009లో గతించినది. ఆమె నోటుపుస్తకము నేడు మా యొద్ద నున్నది. అందు ముప్పదియాఱు కీర్తనలు కలవు. ఏ పుటయందును ఆమె పేరు లేదు.

ఈ కథవలన రెండు విషయములు తేలుచున్నవి. ఒకటి: ఏ శిక్షణయు లేని గృహిణి చెవి, రెండు ధైవతముల భేదమును పట్టగలిగినది. వినువారికి ఏమియు తెలియదు గనుక తెలిసిన పాటలే వేయవలెనను వాదము దీనితో కూలిపోవును. శ్రోతలకు లోపించినది శక్తి కాదు, అడుగుటకు త్రోవ. రెండు: రేడియో గడప దాటి లోనికి వచ్చినను, లోపలివారి పేరు గడప దాటి వెలుపలికి పోలేదు. మొదటి దోషమును రేడియోవారు దిద్దగలరు. రెండవదానిని మనమే దిద్దుకొనవలెను.

నేడు కార్డుల కాలము గడచినది. 2016 జనవరి 26న ఆకాశవాణివారు శాస్త్రీయ సంగీతమునకే రాగమ్ అను ప్రత్యేక ప్రసారమును నెలకొల్పిరి. చేతిలోని ఫోనునందే అది వినబడును. ఆ ఫోనునందే మన గొంతును ముద్రించి నిమిషములో పంపవచ్చును. పూర్వము శిష్యురాలి గొంతు చాటున దాగిన శ్రోత, నేడు తన గొంతుతోనే గురువు ఎదుట నిలువగలదు. వారమునకొక అరగంట చాలును: శ్రోతలు పాడి పంపిన నాలుగు పంక్తులను వినిపించి, విద్వాంసుడు వానిని దిద్ది, వారి సందేహమునకు పాడి సమాధానము చెప్పవలెను. ఇందుకు పట్టికలు వలదు, అగ్రస్థానములు వలదు. ఒక్కరి ప్రశ్నకు చెప్పిన సమాధానము అదే సందేహముతో ఊరకున్న వేయిమందికి అందును. ఓటునకు ఈ గుణము లేదు.

చదువరులారా! మీ యింట పని చేసికొనుచు సన్నగా పాడుకొను వారెవరైన నుండవచ్చును. వారు పాడునపుడు రేడియోను కాక వారినే కొంతసేపు వినుడు. వారికి సందేహమున్నచో ఉత్తరమో సందేశమో పంపింపుడు. క్రింద చేవ్రాలు మాత్రము వారినే చేయనిండు.