అరకి ఒకటి కలిపితే ఎంత?



కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నలుగురం కలిసి రాస్తున్నాం. ఇద్దరం బీటెక్, ఇద్దరం బీఎస్సీ. మా నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి భోజనాలయ్యాక వరండాలో తొమ్మిది మంది ఇంటర్ సెకండియర్ ఎంపీసీ తమ్ముళ్లకి లెక్కలు చెప్పాం. వెల్దుర్తి, బొల్లాపల్లి, మాచర్ల వైపు తండాల పిల్లలు. వాళ్లు అడిగింది ఒక్కటే: "అన్నా, 2బి గట్టెక్కించండి చాలు."

2బి సంగతి తెలిసిందేగా. వృత్తాలు, శాంకవాలు పోను మిగతాదంతా సమాకలనం, అవకలన సమీకరణాలు. మేం రాసినప్పుడు పేపరు 75 మార్కులకి, 26 వస్తే పాసు. మేమూ అట్లాగే గట్టెక్కాం. పాత పేపర్లు ముందేసుకుని, ఎక్కువసార్లు వచ్చిన లెక్కలు ఏరుకుని, అడుగు అడుగూ బట్టీ పట్టాం. వీళ్లకీ అదే చెప్పాం. మొదటి నెలంతా "ఇది వచ్చిద్ది, ఇది రాదు" అంటూ గుర్తులు పెట్టించాం. వాళ్లు సంతోషపడ్డారు, మేమూ పెద్ద సార్లమైపోయినట్టు అనుకున్నాం.

డిసెంబర్లో ఒకరోజు రూట్ ఎక్స్‌కి సమాకలనం చేయమని బోర్డు మీద రాశాం. సూత్రం అందరికీ వచ్చు: ఘాతానికి ఒకటి కలుపు, వచ్చినదాంతో భాగించు. ఒక తమ్ముడు సూత్రం గడగడా చెప్పాడు. రూట్ అంటే ఘాతం అర అని కూడా చెప్పాడు. అరకి ఒకటి కలపమంటే మాత్రం 2/3 అని రాశాడు. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ ఒకటీ మూడు. నవ్వబోయి పక్కన కూర్చున్నవాళ్ల నోట్సులు చూశాం. ఇంకో నలుగురు అదే రాశారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వాళ్లకి రానిది సమాకలనం అనుకున్నాం గానీ, భిన్నాలు నేర్చుకోవాల్సిన తరగతిలోనే బండి ఆగిపోయింది. ఇంట్లో గోర్ బోలీ, బళ్లో తెలుగు, ఇంటర్లో ఇంగ్లీషు. అవకలజం అన్నా డెరివేటివ్ అన్నా వాళ్లకి ఒకటే, రెండూ పరాయి మాటలే. అడగడానికి సిగ్గు. అడిగితే చెప్పేవాళ్లు ఇంట్లో లేరు.

మర్నాటి నుంచి గుర్తులు పెట్టించడం మానేసి పది రోజులు భిన్నాలు, మైనస్ గుర్తులు, ఘాతాలు చెప్పాం. కొందరు గొణిగారు, "పరీక్షలు దగ్గరికొస్తుంటే ఏడో క్లాసు లెక్కలేందన్నా" అని. తర్వాత ఫస్టియర్‌లో వదిలేసిన గరిష్ఠ, కనిష్ఠాలకి వచ్చాం. పుస్తకంలో పైన అర్ధవృత్తం ఉన్న కిటికీ లెక్క ఉంటుంది. అట్లాంటి కిటికీ మన తండాల్లో ఎవరూ చూడలేదు. అందుకని మేకల దొడ్డి అన్నాం. ఒక పక్క ఇంటి గోడ, మిగతా మూడు పక్కలకి 40 మీటర్ల కంచె. దొడ్డి ఎక్కువ జాగా రావాలంటే ఎట్లా కట్టాలి?

ముందు సూత్రం వద్దు, కట్టి చూడమన్నాం. అడ్డం పక్కలు 9 మీటర్లయితే పొడవు 22, జాగా 198. 11 అయితే పొడవు 18, మళ్లీ 198. 10 అయితే పొడవు 20, జాగా 200. అప్పుడు 2/3 రాసిన తమ్ముడే, ఇంటి దగ్గర మేకలు కాసినవాడు, అన్నాడు: "అటు పోయినా ఇటు పోయినా తగ్గిద్దన్నా. పైన కాసేపు ఆగిద్ది." ఆ ఆగడమే అవకలజం సున్నా కావడం. 40 లోంచి నాలుగు ఎక్స్‌లు తీసి సున్నాకి సమానం చేస్తే ఎక్స్ 10. సూత్రంతోనూ అదే వచ్చేసరికి వరండాలో ఒకటే గోల, వార్డెన్ సార్ బయటికొచ్చి చూశారు.

ప్లస్ సి కూడా అట్లాగే. మార్కు పోయిద్దని రాయడమేగానీ ఎందుకో మాకూ తెలియదు. బస్సు గంటకి 40 కిలోమీటర్లు పోతుందని తెలిసినంత మాత్రాన ఇప్పుడెక్కడుందో చెప్పలేం. మాచర్లలో బయలుదేరిందో గురజాలలో బయలుదేరిందో తెలియాలి. ఆ బయలుదేరిన చోటే సి. ఇది వాళ్లకి చెప్పడానికి కూర్చున్నప్పుడే మాకు అర్థమైంది.

ఇక్కడ మా సంగతీ ఒప్పుకోవాలి. ఈఏపీసెట్‌లో ఎస్టీలకి కనీస మార్కుల నిబంధన లేదు. ర్యాంకు వస్తుంది, సీటూ వస్తుంది. ఆ తర్వాత ఫస్ట్ సెమిస్టర్ లెక్కల పేపరు వస్తుంది. మా బీటెక్ వాళ్లిద్దరికీ అదే బ్యాక్‌లాగ్. బట్టీ పట్టిన 2బి అక్కడ పనికిరాలేదు.

అమెరికాలో లాస్ ఏంజిల్స్‌లో జైమే ఎస్కలాంటే అనే సారు బీద పిల్లల బడిలో కాలిక్యులస్ చెప్పేవారు. 1982లో ఆయన పిల్లలు 18 మంది పెద్ద పరీక్ష పాసైతే, 14 మంది మీద అనుమానపడ్డారు. వాళ్లలో 12 మంది మళ్లీ రాసి పాసయ్యారు. ఆయన ఆ బడిలో చేరింది 1974లో. ఆ ఫలితం వెనక ఎనిమిదేళ్లున్నాయి. మేం నాలుగు నెలల్లో అయిపోవాలనుకున్నాం, అందులో ఒక నెల పాడుచేశాం.

ఫిబ్రవరిలో ఆ మేకల తమ్ముడు ఇంటికెళ్లాడు. మిరప కోతలూ ఇంటర్ పరీక్షలూ ఒకే కాలంలో వస్తాయి కదా. పన్నెండు రోజులకి తిరిగొచ్చాడు. చేతులు మంటలని పెన్ను సరిగా పట్టుకోలేకపోయాడు. ఎందుకెళ్లావురా అని మేం అడగలేదు. మేమూ వెళ్లినవాళ్లమే.

రిజల్ట్స్ వచ్చాయి. తొమ్మిది మందిలో ఏడుగురు పాస్. ఆ తమ్ముడికి 24. రెండు మార్కులు. నవంబర్ నెలంతా గెస్ లెక్కలకి బదులు భిన్నాలు చెప్పుంటే ఆ రెండు మార్కులు వచ్చేవేమో. ఫోన్ చేస్తే వాడే మమ్మల్ని ఓదార్చాడు: "సప్లీ ఉందిగా అన్నా." ఇప్పుడు రోజూ సాయంత్రం వస్తున్నాడు.

సెలవులకి తండాకి వెళ్తున్న అన్నలకీ అక్కలకీ ఒక్క మాట. ఇంటర్ పిల్లలకి ఇంపార్టెంట్ క్వశ్చన్లు పంపితే పంపండి. దాంతోపాటు పక్కింట్లో ఏడో క్లాసు పిల్లనో పిల్లాడినో పిలిచి అరకి ఒకటి కలిపితే ఎంతో అడగండి. 2/3 అంటే నవ్వకండి, ఒక గంట కూర్చోండి. ఆ పిల్లలు ఇంటర్ సెకండియర్ దాకా రావాలంటే ఇంకా ఐదేళ్లుంది.