ఒక గదా, రెండు గదులా?

రిటైర్మెంట్ కమ్యూనిటీకి మారిపోదామని ఇద్దరం సులువుగానే అనుకున్నాం. పేచీ అంతా సింగిల్ బెడ్‌రూమా, డబులా అన్నదగ్గరే వచ్చింది.

"పిల్లలొస్తే?" అంటాను నేను.

"ఏడాదికి పది రోజులు. గెస్ట్ రూములు అద్దెకిస్తారుగా" అంటారు మావారు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు టేపు పట్టుకెళ్ళాం. వాళ్ళు చెప్పిన 850 చదరపు అడుగుల్లో మెట్లూ, వరండాలూ అన్నీ కలిసే ఉన్నాయి. మనం కాళ్ళు చాపుకునే కార్పెట్ ఏరియా 600 లోపే. 2016 రెరా చట్టం ప్రకారం అదెంతో చెప్పి తీరాలి, అడగడానికి మొహమాటపడకండి.

బాత్రూమ్ తలుపూ కొలిచాను. అత్తయ్యగారి చివరి రోజుల్లో వీల్‌చైర్ మా బాత్రూములోకి పట్టక, ఆవిణ్ణి చెరోవైపు పట్టుకుని మోసుకెళ్ళేవాళ్ళం. సిగ్గుతో కళ్ళు మూసుకునేవారు పాపం. ఇక్కడి తలుపు మూడడుగులుంది.

"రేపు మనలో ఎవరికైనా రాత్రిపూట మనిషి కావాల్సొస్తే, ఆవిడ ఎక్కడ పడుకుంటుంది?" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

డబుల్‌కే అడ్వాన్సు ఇచ్చాం. ఆ రెండో గదిని ఇద్దరం పిల్లల గదనే అంటున్నాం. వంటింట్లో మాత్రం నా పదకొండు జాడీల్లో మూడే పడతాయి. ఏ మూడో ఇంకా తేల్చుకోలేదు.