కొడై కొండ దిగే ముందు

కొడైకెనాల్ నుంచి పళనికి దిగే ఘాట్ రోడ్డు 60 కిలోమీటర్లు దాటుతుంది. మదురై, కోయంబత్తూరు వైపు మన తెలుగువాళ్లు చాలామంది కొండ చూసుకుని, ఆ దారినే మురుగన్ దర్శనానికి వస్తారు. టైర్లలో గాలి చూస్తారు, బ్రేక్ ఆయిల్ చూస్తారు. బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ అందుతోందా అని చూసేవాళ్లు తక్కువ.

ఇంటి ముందే చూసుకోవచ్చండీ. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదా, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా బూస్టర్‌కు వెళ్లే గొట్టం ఊడదీసి మూతికి వేలు అడ్డం పెట్టండి. గట్టిగా లాగితే అనుమానం బూస్టర్ మీదే. లాగకపోతే గొట్టం చీలిందేమో, చెక్ వాల్వ్ పట్టేసిందేమో చూడాలి. డీజిల్ బండైతే వాక్యూమ్ పంపు కూడా.

కొండ మీద ఇంకో సంగతి ఉంది. బూస్టర్‌లో మన కాలికి సాయం చేసేది బయటి గాలి ఒత్తిడే. కొడై దాదాపు 2,100 మీటర్ల ఎత్తు; అక్కడ ఆ ఒత్తిడి సముద్రమట్టం కంటే సుమారు ఐదోవంతు తక్కువ. కింద తెలియని చిన్న లీకు పైన తెలుస్తుంది.

డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆపైన పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. దయచేసి ఇంజిన్ ఆపకండి, ఎక్కిన గేరులోనే దిగండి.