బూడిదరంగు చొక్కా, మీలితాలంకారం

ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడి చేతిలో ఎర్రకలం మిగిలిపోతే ఏం చేస్తాడు? శుభలేఖల్లో అచ్చుతప్పులు దిద్దుతాడు. దుకాణాల బోర్డులు చదివి నిట్టూరుస్తాడు. నాకు ఈ మధ్య అంతకంటె విచిత్రమైన మూల్యాంకనం తటస్థించింది. ఇంగ్లండులో చదువుకుంటున్న మా మనవడికి పాత ఫుట్‌బాల్ జెర్సీలంటే మోజు. 1995-96 ప్రీమియర్ లీగ్ నాటి చొక్కాల బొమ్మలు కొన్ని పంపి, "తాతయ్యా, వీటికి మార్కులు వెయ్యి. అన్నిట్లోకీ మంచిదేదో, చెడ్డదేదో తేల్చి చెప్పాలి" అన్నాడు.

పండితుడికీ బంతాటకూ పొత్తేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టును నాలుగవ స్థానానికి చేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు, పైగా బడిపంతులు. ఆ వంకన నాకూ కాస్త అధికారం సంక్రమించిందనే నా నమ్మకం.

మార్కులు వేయాలంటే ముందు కొలమానం కావాలి. క్షేమేంద్రుణ్ణి ఆశ్రయించాను. పదకొండవ శతాబ్దపు ఆ కాశ్మీర పండితుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఎంత విలువైన నగ అయినా ఉండవలసిన చోట లేకుంటే నవ్వులపాలే. వడ్డాణం మెడకు చుట్టుకుంటే ఎవరు మెచ్చుకుంటారు? మరి ఆటచొక్కాకు ఔచిత్యమేమిటి? పరుగెత్తేవాడికి తల పూర్తిగా తిప్పి చూసే వ్యవధి ఉండదు. కంటికొసకు తగిలిన రంగును బట్టే "వీడు మనవాడు" అని స్ఫురించాలి. అది మొదటి ధర్మం. మేడమీద చివరి వరుసలో కూర్చున్నవాడికి అందులో తన ఊరు కనబడాలి. అది రెండవది. అందచందాలు ఆ తరువాతి మాట.

ఈ లెక్కన ప్రథమ స్థానం న్యూకాసిల్ యునైటెడ్ వారి సొంతగడ్డ చొక్కాకే ఇచ్చాను. తెలుపు నలుపు నిలువు చారలు. 1894 నుంచీ ఆ ఊరి జట్టుకు ఆ చారలే గుర్తు. ఆ ఏడాది అడిడాస్ వారు ఆ చారల జోలికి పోకుండా, మెడపట్టీని మాత్రం మన లాల్చీ మెడలాగా మడత లేకుండా నిలబెట్టి గుండీలు పెట్టారు. ప్రాతపద్యానికి కొత్త వ్యాఖ్యానం వ్రాసేవాడు పాటించవలసిన మర్యాద అది. పొట్టమీద ఒక నీలినక్షత్రం. అందులో ఆ ఊరి కట్టడాల రూపురేఖలు. నలుపుతెలుపుల నడుమ ఆ ఒక్క నీలిచుక్క ఎంత ఒదిగిందో చెప్పలేను. పరాయి ఊళ్ళలో ఆడేటప్పుడు తొడుక్కునే రెండవ చొక్కా, ముదురు ఎరుపూ ముదురు నీలమూ అడ్డపట్టీలుగా కలిసినది, మరీ ముచ్చటగా ఉంది.

అయితే నూటికి నూరు వేయలేదు. ఆ నక్షత్రం ఒక బీరు ముద్ర. లివర్‌పూల్ వారి చొక్కా మీదా బీరే, చెల్సీ వారి చొక్కా మీదా బీరే. ఆ చొక్కాలు కొనిపెట్టమని మారాం చేసేది ఎనిమిదేళ్ళ పిల్లలు కదా! కొన్ని మార్కులు కోసి ఎనభైఅయిదు వేశాను.

లివర్‌పూల్ వారి ఆకుపచ్చ, తెలుపు చదరాల చొక్కాకు అరవై. చదరంగపు బల్లలో నాలుగు గళ్ళు కోసి తెచ్చినట్లుంది. కాని మైలు దూరం నుంచి ఆనుతుంది.

ఇక చెడ్డదాని సంగతి. చాలామంది చెల్సీ వారి రెండవ చొక్కాను చూపిస్తారు. పెన్సిలు ముక్కు రంగుకు నారింజ రంగు జోడించినది. చూడటానికి వికారమే, కాదనను. కాని ఆ నారింజ పుణ్యమా అని అది తొడుక్కున్నవాడు కనబడకపోవటమన్నది ఉండదు. ముప్పైఅయిదు మార్కులు వేసి పాస్ చేశాను.

తప్పినది మాంచెస్టర్ యునైటెడ్ వారి బూడిదరంగు చొక్కా. విడిగా చూస్తే అది అందవికారమేమీ కాదు, పెద్దమనిషి తరహాగానే ఉంటుంది. 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్‌లో దానితో బరిలోకి దిగిన జట్టు సగం ఆట ముగిసేసరికి మూడు గోల్సు వెనుకబడింది. మేనేజర్ అలెక్స్ ఫెర్గుసన్ విరామంలో అందరి చేతా చొక్కాలు విప్పించి నీలం, తెలుపు చారలవి తొడిగించాడు. రెండవ సగంలో వీరే ఒక గోలు చేశారు. మొత్తానికి 3-1తో ఓడారు. గుంపు నేపథ్యంలో ఆటగాళ్ళకు తోటివారు కనబడలేదని ఆయన చెప్పిన కారణం.

లోకం నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే అది అలంకారశాస్త్రంలో ఉన్నదే. సాదృశ్యం వలన ఒక వస్తువు మరొకదానిలో కలిసిపోయి భేదం తోచకపోతే మీలితం. ఏదో ఒక కారణంచేత ఆ భేదం తిరిగి స్ఫురిస్తే ఉన్మీలితం. మొదటి సగం మీలితం, రెండవ సగం ఉన్మీలితం. పద్యంలో మీలితం గుణం, మైదానంలో దోషం. ఆ చొక్కాతో ఆడిన అయిదు ఆటల్లో నాలుగు ఓటములు, ఒకటి సరిసమానం. అన్నీ చొక్కా పాపమేనని నేననను. అదే జట్టు ఆ ఏడు 82 పాయింట్లతో విజేత అయింది, నేను ప్రథమ స్థానమిచ్చిన న్యూకాసిల్ 78తో రెండవదైంది. సౌతాంప్టన్ మాత్రం గోల్సు తేడా మీద గట్టెక్కింది. అన్నే పాయింట్లున్న మాంచెస్టర్ సిటీ దిగువ శ్రేణికి జారిపోయింది. ఆ బూడిద పొరుగువాడి నెత్తిన కూడా పడిందన్నమాట!

ఆ చొక్కాను ఆ జట్టు మైదానంలో మళ్ళీ తొడగలేదు. కాని అప్పటికే పిల్లలు కొనుక్కున్నారు. నేను పనిచేసిన ఒక బడిలో యాజమాన్యం యూనిఫారం రంగు రెండేళ్ళలో రెండుసార్లు మార్చింది. ఒక రిక్షా కార్మికుడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, "పంతులుగారూ, ఈ రంగు ఎన్నాళ్ళుంటదండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పిల్లవాడు మాత్రం పాత చొక్కాయే ఇంకో ఏడు తొడుక్కొచ్చాడు, బడివాళ్ళు రోజూ బయట నిలబెట్టినా సరే. బూడిదరంగు చొక్కాకు సున్నా వేసేటప్పుడు నా మనసులో సౌతాంప్టన్ లేదు.

పట్టికలో లేనిది ఇంకొకటి. అదే 1996 జూన్ 26న, యూరో పోటీల సెమీఫైనల్లో, ఇంగ్లండు జాతీయజట్టు జర్మనీ మీద మళ్ళీ బూడిదరంగు చొక్కాతోనే ఆడింది. తయారుచేసినది మాంచెస్టర్ చొక్కా కుట్టిన ఉంబ్రో సంస్థే. వారు దానికి పెట్టిన పేరు "ఇండిగో నీలం". ఇది బూడిద కాదు సుమా, నీలం! ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని ఆరోపిస్తే అపహ్నుతి. ఆట 1-1తో ముగిసి పెనాల్టీల్లో ఇంగ్లండు ఓడింది. దానికి కారణం గురి తప్పిన కాలు గాని చొక్కా కాదు. పేరు పెట్టినవాడెవరో గాని, అలంకారాల ప్రశ్నకు వాడికి పూర్తి మార్కులు.