రోట్లో తొక్కిన ఇటలీ పచ్చడి

పిల్లలూ, మా పాలమూరులో పచ్చడిని తొక్కు అంటాం. కాలితో తొక్కినా, రోట్లో వేసి నూరినా మాకు ఒకటే మాట. ఇటలీలో జెనోవా అనే రేవుపట్టణం ఉన్నది. అక్కడివారు పాస్తాలో కలుపుకునే ఆకుపచ్చడి పేరు పెస్టో. ఆ పేరు ‘పెస్తారే’ అన్న మాటనుంచి వచ్చింది. దాని అర్థం ఏమిటో తెలుసునా? తొక్కటం!

మా మనుమరాలు సెలవులకు వచ్చి ఆ పచ్చడే కావాలన్నది. అందులో వేసే ఆకు మనకు కొత్తది కాదు. వేసవిలో షర్బతులో వేసుకునే సబ్జా గింజలున్నాయే, ఆ జాతి మొక్కదే. తులసికి దగ్గర చుట్టం. జెనోవావారు పైన్ చెట్టు గింజలు వేస్తారు. మేము వేయించిన పల్లీలు వేశాం. వారు చీజు కూడా వేస్తారు గాని, అది నాకు సయించదు.

“మిక్సీలో వేద్దాం, తాతయ్యా!” అన్నది పిల్ల.

పెరట్లో వాళ్ళ నాయనమ్మ రోలు ఉన్నది. ఆవిడ పోయినప్పటినుంచీ దాన్ని ఎవరూ ముట్టలేదు. నేనే కడిగాను. ముందు ఉప్పు, ఎల్లిగడ్డ; తరవాత పల్లీలు; చివరకు ఆకు. ఆకు నలగగానే గాలి తగిలి, అందులోని ఎంజైములవల్ల రంగు నల్లబడుతుంది. అందుకే ఆలస్యం చెయ్యక నూనె పొయ్యాలి. నూనె గాలిని అడ్డుకుంటుంది.

పిల్ల పాస్తాలో కలుపుకున్నది, నేను జొన్నరొట్టెలో నంజుకున్నాను.

“నాయనమ్మ ఈ రోట్లో ఇంకా ఏమేం నూరేది?” అని అడిగింది.

చింతకాయ తొక్కుతో మొదలుపెట్టి చెప్పాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాను.